పేపర్ల పడ్డదీ, పడనిదీ

2025 జూన్‌లో జోగులాంబ గద్వాల జిల్లా రెండుసార్లు వార్తలకెక్కింది. మొదటిది హత్య. పెళ్లయిన నెల రోజులకే ఒక యువ సర్వేయరు కనిపించకుండా పోయి, నాలుగైదు రోజులకు శవమై దొరికాడు. భార్యతో సహా పలువురిని పోలీసులు అరెస్టు చేశారు. మేఘాలయ హనీమూన్ హత్య అప్పటికే దేశమంతా మోగుతోంది కాబట్టి గద్వాల కథ దానికి రెండో భాగమైపోయింది. గద్వాల అంటే చీర తప్ప మరొకటి తెలియని హిందీ చానెళ్లు సైతం రోజుకో మలుపు చెప్పాయి.

రెండోది రాజోలి మండలం పెద్దధన్వాడ. ఇథనాల్ ఫ్యాక్టరీ తమ పొలాల పక్కన వద్దని ఆ చుట్టుపక్కల ఊళ్ల రైతులు నెలల తరబడి మొత్తుకున్నారు. జూన్ మొదటివారంలో కంపెనీ గుడారాల మీద పడ్డారు. వస్తువులు ధ్వంసమయ్యాయి, కేసులు పడ్డాయి, అరెస్టులు జరిగాయి. ఆ రైతుల్ని అలంపూర్ కోర్టుకు తీసుకెళ్లేటప్పుడు చేతులకు బేడీలు వేశారు. ఆ వీడియో బయటికొచ్చాక పోలీసు సిబ్బంది మీద సస్పెన్షన్ వేటు పడింది. రాష్ట్ర పత్రికల మొదటి పేజీలోకి పెద్దధన్వాడ ప్రధానంగా వచ్చింది ఆ రెండు రోజులే: గుడారాలు కూలిన రోజు, బేడీలు కనిపించిన రోజు. మధ్యలో, అంతకు ముందు ఊళ్లో జరిగిన సభలూ అర్జీలూ పెద్దగా జిల్లా పేజీ దాటలేదు.

ఈ రెండు కథల్లో పక్షపాతం ఎక్కడుంది? ఏ పత్రిక ఏ పార్టీదన్న కొలబద్దతో చూస్తే ఎక్కడా లేదు. హత్య వార్తకు పార్టీ లేదు, బేడీల వార్తను అన్ని రంగుల పత్రికలూ వేశాయి. అయినా ఒక ఊరి గోడు చెవిన పడాలంటే ముందు ఏదో ఒకటి తగలబడాలన్న నియమం ఎవరూ రాయకుండానే అమల్లో ఉంది. తెలుగునాట మీడియా గురించి జరిగే వాదమంతా మొదటి కొలబద్ద చుట్టే తిరుగుతుంది. ఎవరూ రాయని ఈ నియమం ఆ కొలబద్దకు చిక్కడం లేదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలను పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కనపడేది ఇదే.

రంగుల సంగతి ముందు ముగిద్దాం, అది అందరికీ తెలిసిందే. 1974లో పుట్టిన ఈనాడు తెలుగుదేశం పుట్టుకకు ఎలా అండగా నిలిచిందో ఆ తరం చూసింది. ముఖ్యమంత్రిగా వై.ఎస్. రాజశేఖరరెడ్డి సభల్లో ‘ఆ రెండు పత్రికలు’ అంటే చాలు, పేర్లు జనమే పూరించుకునేవాళ్లు. 2008లో ఆయన కొడుకు సాక్షి పెట్టారు. 2011లో తెలంగాణ ఉద్యమం నడుమ నమస్తే తెలంగాణ వచ్చింది, అది ఏ పార్టీ గొంతో దాచుకోలేదు. వీ6, వెలుగు వివేక్ వెంకటస్వామి కుటుంబానివి. నవ తెలంగాణ ఎర్రజెండా వాళ్లది. 2014 జూన్‌లో కొత్త రాష్ట్రం వచ్చీ రాగానే రెండు చానెళ్లు కేబుల్ తెరమీద నుంచి మాయమయ్యాయి. ఎల్లో, బ్లూ, పింక్ అని జనం రంగులు పంచేశారు.

వనపర్తి బస్టాండు పక్కన టీకొట్లో పేపరు చదివే మనిషి అమాయకుడేమీ కాదు. ‘ఈ పేపర్ల ఇట్ల రాసిండ్రంటే అసలు సంగతి వేరే ఉంటది’ అంటాడు. మార్కెట్ యార్డులో వడ్లకు తరుగు తీసినట్టు, వార్తకు తరుగు తీసుకుని చదువుతాడు. ఏ పేపరుకు ఎంత తరుగో ఏళ్ల తరబడి చదివి నేర్చుకున్నాడు. కానీ తరుగు తీయడానికి ముందు సంచిలో వడ్లుండాలి. అసలు రాని వార్తకు తరుగెలా తీస్తాడు?

పక్షపాతం వేరు, నాణ్యత వేరు అని నేను అనుకోవడానికి కారణం ఈ నేల మీదే ఉంది. సురవరం ప్రతాపరెడ్డి 1896లో ఇప్పటి గద్వాల జిల్లా బోరవెల్లిలో పుట్టారు, సొంతూరు ఇటికాలపాడు. 1926 మే 10న హైదరాబాదులో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. ఉర్దూ రాజభాషగా ఉన్న రాజ్యంలో తెలుగు పత్రిక నడపడమే ఒక పక్షం తీసుకోవడం. దానికి రాజబహద్దూర్ వెంకటరామారెడ్డి వంటి పెద్దల ప్రోత్సాహం ఉంది. వాళ్లు నిజాం కొలువులోని వాళ్లు, భూములున్న వాళ్లు. కాబట్టి గోలకొండ పత్రికను తటస్థ పత్రిక అనడం చరిత్రకు అన్యాయం. దానికి ఒక భాష పక్షం ఉంది, ఒక వర్గం మద్దతుంది, దాంతో వచ్చిన హద్దులూ ఉన్నాయి.

అయితే ఆ పక్షపాతం పని ఎలా చేసిందో చూడండి. తెలంగాణలో కవులు పూజ్యమని ఒకరు రాశారు. పూజ్యమంటే ఇక్కడ సున్నా. సురవరం వారు ఎదురు తిట్టు రాయలేదు. పత్రికలో ప్రకటన వేసి పద్యాలు పంపమన్నారు. ఊళ్ల నుంచి పంపిన వాటిని సేకరించి, వివరాలు జతచేసి 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చేశారు. అందులో 354 మంది కవులు. వాదం అక్కడితో అయిపోయింది. ఆయన పక్షపాతే, కానీ లెక్క చూపిన పక్షపాతి. ఇవాళ మన చానెళ్లలో అయితే సున్నా అన్న పెద్దమనిషినీ, కాదన్న పెద్దమనిషినీ చెరో కిటికీలో కూర్చోబెట్టి గంటసేపు అరిపించి, ‘చూద్దాం ఏం జరుగుతుందో’ అని ముగించేవాళ్లం. దానికి తటస్థత అని పేరు. సురవరం వారు 1952లో వనపర్తి నుంచే శాసనసభకు వెళ్లారు, మరుసటి ఏడాదే పోయారు. ట్యాంక్‌బండ్ మీది విగ్రహానికి దండలు వేసేవాళ్లలో ఆయన చేసిన ఆ లెక్కింపు పనిని పత్రికా పాఠంగా చూసేవాళ్లు తక్కువ.

అమెరికాలో 1920లో వాల్టర్ లిప్‌మన్, చార్లెస్ మెర్జ్ అనే ఇద్దరు ఇలాంటి లెక్కే తీశారు. రష్యా విప్లవం గురించి న్యూయార్క్ టైమ్స్ మూడేళ్లపాటు వేసిన వార్తలన్నీ ముందేసుకుని చదివారు. బోల్షెవిక్ ప్రభుత్వం కూలబోతోందనో కూలిందనో ఆ పత్రిక 91 సార్లు రాసిందని తేల్చారు. ఆ విలేకరులు అబద్ధాలకోరులని వాళ్లనలేదు. చూసినదాన్ని కాక, చూడాలనుకున్నదాన్ని రాశారన్నారు. మన దగ్గర ఏ ఎత్తిపోతల పథకం మీదనైనా పదేళ్ల వార్తలు ముందేసుకుని ‘తుది దశ’, ‘త్వరలో’ అన్న మాటలు ఎన్నిసార్లొచ్చాయో లెక్కపెట్టేవాళ్లు దొరికితే బాగుండు. 91 దాటుతుందని నా అనుమానం.

పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. అప్పటి అంచనా 35,200 కోట్ల రూపాయలు. పన్నెండు లక్షల ఎకరాలకు పైగా నీళ్లన్నారు. 2023 సెప్టెంబరు 16న నాగర్‌కర్నూల్ జిల్లా నార్లాపూర్ దగ్గర 145 మెగావాట్ల మోటారు ఒకదాన్ని నడిపించి ప్రారంభోత్సవం చేశారు. ఆ తర్వాత మొదలైంది శాతాల యుద్ధం. తొంభై శాతం మేమే పూర్తి చేశామని ఒకరు, ఒక్క ఎకరానికైనా పారిందా అని మరొకరు. పత్రికలు ఎవరి శాతం వాళ్లు వేశాయి. శాతం దేనిలో శాతమో అడిగిన వార్త అరుదు. మట్టి పనిలోనా, ఖర్చులోనా, పంపుల్లోనా, కాలువల్లోనా? జలాశయం నిండినా పిల్లకాలువ లేకపోతే చేను తడవదు. ఇది తెలుసుకోవడానికి నీటిపారుదల నిపుణుడు కానక్కరలేదు, ఒక పూట మోటారుసైకిలు మీద కట్ట వెంట తిరిగొస్తే చాలు. ఆ పెట్రోలు డబ్బులు ఎవరిస్తారన్నదే ప్రశ్న.

ఆ ప్రశ్న దగ్గర ఆగాలి. ఎందుకంటే అసలు కథ అక్కడే ఉంది.

మండలంలో వార్త రాసే మనిషిని కంట్రిబ్యూటర్ అంటారు. పేరులోనే ఉంది, అతను ఉద్యోగి కాడు. జీతం కాక, అచ్చయిన వార్తల కొలతను బట్టి ఏదో కొంత ముడుతుంది. కొన్నిచోట్ల అదీ ఉండదు. గుర్తింపు కార్డే జీతం. జర్నలిస్టుల జీతాలకు 1955లోనే చట్టం వచ్చింది, వేతన సంఘాలు వచ్చాయి, మజీఠియా వేతన సంఘం సిఫార్సులను 2014లో సుప్రీంకోర్టు సమర్థించింది. వాటిలో ఏదీ ఈ మనిషి ఇంటిదాకా రాలేదు. అతనికి వచ్చేది ప్రకటనల టార్గెట్. ఉగాదికింత, పంద్రాగస్టుకింత, పత్రిక వార్షికోత్సవానికింత, ఎమ్మెల్యే పుట్టినరోజుకింత. ప్రకటనలు ఇచ్చేదెవరు? సర్పంచి, కాంట్రాక్టరు, ప్రైవేటు బడి యజమాని, రియల్ ఎస్టేటు వెంచరు, విత్తనాల ఆర్గనైజరు. మండలంలో వార్త కావలసిన మనుషులు సరిగ్గా వీళ్లే. పొద్దున ఎవరి గురించి రాయాలో సాయంత్రం వాళ్ల దగ్గరికే రసీదు పుస్తకం పట్టుకుని వెళ్లాలి. ఇక ఆ మనిషి నీతి గురించి హైదరాబాదులో సెమినార్లు పెడతారు.

ఈ ఏర్పాటుకు మన ప్రాంతంలో పాత వాసన కూడా ఉంది. గద్వాల, వనపర్తి సంస్థానాలు కవిపండితులను పోషించాయి. విద్వద్గద్వాల అన్న పేరే అలా వచ్చింది. ఏటా సభకు వచ్చి పద్యం చదివి వార్షికం పుచ్చుకుపోయేవాళ్లుండేవారు. అందులో గొప్ప కవిత్వమూ పుట్టింది, నేనేమీ చిన్నబుచ్చడం లేదు. కానీ వార్షికం తీసుకునే సభలో దొరవారి చెరువు గండి గురించి పద్యం రాదు. నేటి శుభాకాంక్షల ప్రత్యేక సంచికకూ అదే ఛందస్సు.

ఎన్నికలప్పుడు ఇది ప్యాకేజీ అవుతుంది. 2009 ఎన్నికల్లో డబ్బు పుచ్చుకుని వార్తలు వేసిన తీరు మీద ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యులతో ఉపసంఘం వేసింది. పరంజయ్ గుహా ఠాకూర్తాతో పాటు అందులో ఉన్నది తెలుగు జర్నలిస్టు నాయకుడు కె. శ్రీనివాసరెడ్డి. వాళ్లు 71 పేజీల నివేదికలో పత్రికల పేర్లతో సహా రాశారు. 2010లో ప్రెస్ కౌన్సిల్ దాన్ని కుదించి చిన్న నివేదికగా విడుదల చేసింది. పూర్తి ప్రతి బయటపడింది 2011లో, సమాచార హక్కు దారిన. సమాచారం అందరికీ చేరాలనే పరిశ్రమ తన గురించిన సమాచారాన్ని సమాచార హక్కు చట్టంతో గుంజితే గాని ఇవ్వలేదు! ఇళ్లస్థలాల సంగతీ ఈ వరుసలోదే. హైదరాబాదు పరిధిలో ఎంపీలు, ఎమ్మెల్యేలు, న్యాయమూర్తులు, అధికారులతో పాటు జర్నలిస్టుల సంఘాలకూ తక్కువ ధరకు భూమి కేటాయించిన ఉత్తర్వులను 2024 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. జిల్లాల్లో ఇళ్లస్థలాల హామీ మాత్రం ప్రతి ఎన్నికలోనూ వినపడుతూనే ఉంది. ఇల్లు లేని విలేకరికి ఇల్లడగడం తప్పని నేననను. అడగాల్సింది తాను ప్రశ్నించాల్సిన మనిషినే కావడంలో ఉంది చిక్కు.

ఇక పేజీల సరిహద్దు. ఈనాడు 1989లో జిల్లాకో చిన్న పత్రిక జతచేయడం మొదలుపెట్టింది, తక్కినవి అదే బాట పట్టాయి. అది తెలుగు పల్లెకు పెద్ద వరం. మా ఊరి బోరింగు చెడిపోతే పేపర్ల పడ్డది అని చెప్పుకునే వీలొచ్చింది. 1992లో సారా వ్యతిరేక ఉద్యమం ఊరి నుంచి ఊరికి పాకడంలో ఆ పేజీల పాత్ర కాదనలేనిది. అయితే ఆ వరంలోనే ఒక గోడ ఉంది. ఒక జిల్లా పేజీ పక్క జిల్లాకు పోదు.

అలంపూర్‌లో నిలబడితే తుంగభద్ర అవతల కర్నూలు కనిపించేంత దగ్గర. వైద్యానికీ బేరానికీ అలంపూర్ జనం వెళ్లేది అక్కడికే. చదివే పేజీ మాత్రం వేరు. రాజోలిబండ మళ్లింపు పథకం (ఆర్‌డీఎస్) కింద పాలమూరుకు, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లాకు, 15.9 టీఎంసీల నీరు, 87,500 ఎకరాల ఆయకట్టు అని కాగితం మీద ఉంది. కాలువ ముందు కర్ణాటకలో నలభై కిలోమీటర్లకు పైగా పారి ఇటొస్తుంది. ఆనకట్ట తూముల మీద ఏళ్లకేళ్లు గొడవ. కర్నూలు పేజీకి అది దిగువన ఉన్న కేసీ కాలువ రైతు కష్టం. పాలమూరు పేజీకి అది ఆర్‌డీఎస్ చివరి భూముల కష్టం. రెండూ నిజాలే. ఒకే సంస్థ, ఒకే రాత్రి, రెండు పేజీలు అచ్చేసింది. ఒక నిజం చదివినవాళ్లకు రెండో నిజం కంటపడలేదు. 2005లో శ్రీశైలం జలాశయం నుంచి నీళ్లు మళ్లించే పోతిరెడ్డిపాడు తూముల సామర్థ్యాన్ని 11 వేల క్యూసెక్కుల నుంచి 44 వేలకు పెంచినప్పుడూ అంతే. రాష్ట్రం విడిపోయాక ఆ గోడ ఇంకాస్త ఎత్తయింది. ఇక్కడ అబద్ధం రాసిన విలేకరి ఎవరూ అక్కరలేదు. పేజీని కత్తిరించిన గీతే సరిపోయింది.

2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా ముక్కలైంది. మొదటి ముసాయిదాలో లేని గద్వాల, ఆందోళన చేసి మరీ జిల్లా అయింది. జిల్లాకో కలెక్టరు, ఎస్పీ, వాళ్లతో పాటు జిల్లా విలేకరి వచ్చారు. కలెక్టరేటు దగ్గరైంది, ప్రెస్‌మీట్లు పెరిగాయి, వాట్సాప్ గ్రూపులో పౌరసంబంధాల శాఖ ప్రకటన ఫొటోతో సహా వచ్చి పడుతోంది. పేజీ నిండుతోంది. నిండిన పేజీ చూస్తే వార్తలున్నట్టే ఉంటుంది.

నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర 2025 ఫిబ్రవరి 22న ఎస్సెల్బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. నలభై నాలుగు కిలోమీటర్ల సొరంగంలో, శ్రీశైలం వైపు నుంచి దాదాపు పద్నాలుగు కిలోమీటర్ల లోపల. చిక్కుకున్నవాళ్లు జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకశ్మీర్ మనుషులు. మైకులన్నీ సొరంగం నోటి దగ్గర వాలాయి. వారం తిరక్కముందే మృతదేహాలు దొరికాయని వార్తలు పాకాయి, జిల్లా కలెక్టరు కాదని ఖండించాల్సి వచ్చింది. మొదటి మృతదేహం నిజంగా బయటికొచ్చింది మార్చి 9న. జార్ఖండ్‌లో ఫోను పట్టుకుని కూర్చున్న కుటుంబాలు ఆ మధ్య రోజుల్ని ఎలా గడిపి ఉంటాయో ‘ముందుగా మా చానెల్లోనే’ అని రాసుకున్నవాళ్లు ఆలోచించినట్టు లేదు. సొరంగంలో బలహీనమైన రాతి పొరల గురించి 2020లోనే ఒక నివేదిక హెచ్చరించిందన్న సంగతి కూడా ప్రమాదం తర్వాతే జనానికి తెలిసింది. ఇరవై ఏళ్లుగా తవ్వుతున్న సొరంగం మీద అంతవరకూ వచ్చిన వార్తల్లో ఎక్కువ భాగం మంత్రుల సందర్శనలూ గడువులూ. లోపల రాయి ఎలా ఉందన్నది వార్త కాలేదు.

నల్లమల యురేనియం కథ ఇంకో రకం. 2019లో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. పదర, అమ్రాబాద్ మండలాల జనం, చెంచులు అప్పటికే డ్రిల్లింగు బండ్లకు అడ్డం నిలుస్తున్నారు. జిల్లా పేజీలు రాశాయి, వాటికి ఆ గౌరవం దక్కాలి. కానీ రాష్ట్రం ఉలిక్కిపడింది సినిమా తారలు ‘సేవ్ నల్లమల’ అని ట్వీట్ చేశాకే. 2019 సెప్టెంబరు 16న శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. ఫలితం మంచిదే. అయితే ఆ అడవిలో పుట్టిన చెంచు మాట రాజధాని చేరడానికి సినిమా తార నోరు కావలసి వచ్చింది. 2006లో ఢిల్లీ పత్రికల, చానెళ్ల ముఖ్య స్థానాల్లో 315 మందిని లెక్కేసిన సర్వేలో దళితులు, ఆదివాసులు ఒక్కరూ కనపడలేదు. తెలుగు డెస్కుల్లో అలాంటి లెక్క తీస్తే ఎలా ఉంటుందో డెస్కులో పనిచేసిన వాళ్లకు నేను చెప్పక్కరలేదు.

యూట్యూబు వచ్చింది కదా, పెద్ద పత్రికల గుత్తాధిపత్యం పోయింది కదా అంటారు. కొంత నిజం. కొల్లాపూర్‌లో బర్రెలక్క కథ గుర్తుంది కదా. డిగ్రీలు చదివినా ఉద్యోగాలు లేక బర్లు కాస్తున్నానన్న చిన్న వీడియో ఆమెను 2023 ఎన్నికల్లో స్వతంత్ర అభ్యర్థిగా నిలబెట్టింది. ఆ నెలంతా కెమెరాలు ఆమె వెంట తిరిగాయి. ఓట్లు 5,754 వచ్చాయి. కొల్లాపూర్ నియోజకవర్గంలో ఎన్ని ఖాళీలున్నాయి, ఎంతమంది కోచింగు సెంటర్లలో ఏళ్లు గడుపుతున్నారు అన్న కథ ఆ వందల వీడియోల్లో వెతికితే దొరకదు. తర్వాత ఆమె పెళ్లి వీడియో దొరుకుతుంది. అయినా ఈ చిన్న చానెళ్లను కొట్టిపారేయలేం. 2024 ఆగస్టులో ముఖ్యమంత్రి సొంతూరు కొండారెడ్డిపల్లిలో రుణమాఫీ ఎంతమందికి అయిందో అడగడానికి వెళ్లింది ఇద్దరు మహిళా జర్నలిస్టులు. తమ మీద దాడి జరిగిందని, ఫోన్లు లాక్కున్నారని వాళ్లు ఫిర్యాదు చేశారు. వాళ్లు అసలు జర్నలిస్టులేనా అన్న చర్చే ఎక్కువ నడిచింది. ఊళ్లో మాఫీ లెక్క ఎంతన్నది మళ్లీ పక్కకుపోయింది.

ఊరు చూసి రాసిన వార్త ఎలా ఉంటుందో పాలమూరుకు తెలియంది కాదు. 2003లో పి. సాయినాథ్ ‘ది హిందూ’లో మహబూబ్‌నగర్ నుంచి ముంబయి వెళ్లే బస్సు గురించి రాశారు. పదేళ్ల కింద వారానికి ఒక్క బస్సు, అప్పటికి వారానికి 34. వలస గురించి నివేదికలు, కన్నీటి విశేషణాలు చెప్పలేని సంగతిని ఆర్టీసీ డిపోలో దొరికే అంకె చెప్పింది. ఆ డిపో ముందు నుంచి రోజూ వెళ్లే విలేకరులు ఎందరో ఉన్నారు. వాళ్లకు కళ్లు లేవని కాదు. రాసినా ఆ వార్తకు పేజీలో చోటుందో లేదో వాళ్లకు బాగా తెలుసు.

అదే ఏడాది గద్వాల వైపు సీడు పత్తి చేలల్లో పనిచేసే పిల్లల గురించి ఒక నివేదిక వచ్చింది. పరిశోధకుడు తెలుగువాడే, దావులూరి వెంకటేశ్వర్లు. అచ్చేయించింది మాత్రం నెదర్లాండ్స్‌లోని ఒక సంస్థ. పొలం ఇక్కడిది, పిల్లలు ఇక్కడివాళ్లు, కథ మాత్రం యూరప్ చుట్టి మనకు చేరింది. ఆ తర్వాత కంపెనీలు కదిలాయి, తనిఖీలు వచ్చాయి, పిల్లల సంఖ్య తగ్గిందన్నారు. గద్వాల, అలంపూర్‌ల నడిగడ్డలో సీడు పత్తి ఇంకా పెద్ద పంటే. ధర గొడవ ఉంది, ఆర్గనైజరు ఇచ్చే అడ్వాన్సు గొడవ ఉంది, విత్తనం ఫెయిలైందని కంపెనీ తిప్పి పంపిన సంచుల గొడవ ఉంది. ఈ పనికి రెండు వేళలున్నాయి. సాయంత్రం మొగ్గ గిల్లి మగభాగం తీసేస్తారు, మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి ఒక్కో పువ్వుకు పుప్పొడి రుద్దుతారు. క్రాసింగు అంటారు దాన్ని. చేలో ఎవరున్నారో, వాళ్ల వయసెంతో, కూలీ ఎంతో తెలియాలంటే ఈ రెండు వేళల్లో గట్టు మీద ఉండాలి. కలెక్టరేటులో ప్రెస్‌మీట్ పదకొండు గంటలకు.